పిట్టల పెంపకం, 4వ పాఠం: ఒక పంజరం, రెండు పంక్తులు

గత పాఠంలో పంజరం కొలతలు, వాలుకర్రల అమరిక చూశాము. ఈసారి మేత. కెనరీలనూ ఫించ్‌లనూ కలిపి పెంచేవారిలో చాలామంది దుకాణంలో ‘మిక్స్’ అని అమ్మే గింజలను ఒకే గిన్నెలో పోసి ఊరుకుంటారు. రెండూ గింజలు తినే పిట్టలే కనుక కొన్నాళ్లపాటు ఏ తేడా కనిపించదు. అయితే కెనరీ అట్లాంటిక్ సముద్రపు దీవుల నుంచి వచ్చిన పిట్ట; పగటి పొద్దు పెరిగే కాలంలో గుడ్లు పెట్టి, ఆ తరువాత ఈకలు రాల్చుకుంటుంది. జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియాలోని మెట్ట నేలల పిట్ట. వాన పడి గడ్డి వెన్ను వేసినప్పుడల్లా గూడు కడుతుంది. పంజరం ఒకటే అయినా పంక్తులు మాత్రం రెండు వేయాలి.

ముందుగా ఫించ్‌ల సంగతి. వాటి మేతలో ముప్పాతికకు పైగా చిరుధాన్యాలే ఉండాలి: కొర్రలు, సామలు, వరిగలు, ఊదలు. ఇవి మనకు కొత్తవి కావు. అయితే ఇప్పుడు తిరుపతిలో ఏ కిరాణా కొట్టులో అడిగినా కొర్రబియ్యం, సామబియ్యం ఇస్తారు. అవి పొట్టు తీసినవి. పిట్టకు పొట్టు ఉన్న గింజే కావాలి, ఎందుకంటే పొట్టు తీసిన గింజ త్వరగా ముక్కిపోతుంది, మొలకెత్తదు. అందుకని పలమనేరు, కుప్పం వైపు రైతుల దగ్గర కళ్లంలోని గింజలు దొరికితే అవే మేలు. విత్తనాల కొట్టులో నాటడానికి అమ్మే గింజలు మాత్రం ఎన్నడూ కొనరాదు. వాటికి మందు పట్టించి ఉంటుంది. సంగటి తినే జిల్లా కనుక రాగులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. కొద్దిగా కలపవచ్చు గాని, వాటినే ప్రధాన మేతగా చేయడం నాకు సమ్మతం కాదు.

కెనరీకి ప్రధానమైనది కెనరీ సీడ్. రెండు కొనలూ సన్నగా, నున్నగా, గడ్డిరంగులో మెరిసే గింజ అది. చిరుధాన్యాల కంటే ఇందులో మాంసకృత్తులు ఎక్కువ. కెనరీ మేతలో సగానికి పైగా ఇదే ఉండి, తక్కినది కొర్రలతోపాటు నూనెగింజలు, అంటే వలిసెలు, కొద్దిగా అవిసెలు ఉంటే సరిపోతుంది. ఖరీదైన గింజ కావడం వల్ల ప్యాకెట్ మీద కెనరీ బొమ్మ వేసి లోపల కొర్రలు నింపడం కద్దు. కొనేముందు అరచేతిలో పోసుకుని చూడండి. నూనెగింజలను చెంచాతో కొలిచే వేయాలి. గిన్నెలో ఎక్కువగా ఉంటే కెనరీ తక్కినవన్నీ చిమ్మి పారేసి వాటినే ఏరుకుని తింటుంది, కొవ్వు పట్టి పాట తగ్గిస్తుంది.

ఇక గిన్నెలు. పంజరానికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, రెండూ ఒకే ఎత్తులో కట్టండి. కెనరీ పెద్దది కనుక అదే ఫించ్‌లను తరుముతుందని అనుకుంటాము. కొన్ని పంజరాల్లో అలాగే జరుగుతుంది, కాని జీబ్రా ఫించ్‌లు జట్టుగా వచ్చి గిన్నె అంచున కూర్చుని కెనరీని దగ్గరకు రానివ్వకపోవడం కూడా అంతే మామూలు. ఎవరి గింజలు వారే తింటారని ఆశించనక్కరలేదు. ఏ పిట్ట ఏ గిన్నె దగ్గరకు వెళ్లినా దాని గింజ అక్కడ కొంత దొరికితే చాలు. ఒక్కో పిట్టకు రోజుకు సుమారు ఒక చిన్న చెంచా గింజలు పడతాయి.

గిన్నె నిండుగా కనిపిస్తే మేత ఉన్నట్టు కాదు. ఈ పిట్టలు గింజను ముక్కున పట్టి తిప్పి, పొట్టును అక్కడే వదిలి, లోపలి పప్పును మింగుతాయి. ఉదయం గిన్నెలోంచి ఒక చిటికెడు తీసి అరచేతిలో పరిచి మెల్లగా ఊదండి: పొట్టు ఎగిరిపోయి, చేతిలో ఎన్ని గింజలు మిగిలాయో తెలుస్తుంది. ఇంత చిన్న పిట్ట ఒక పూర్తి రోజు ఆకలితో ఉంటే దక్కడం కష్టం.

కలిపి పెంచడంలో అసలు చిక్కు గుడ్డు మేతతో వస్తుంది. ఈకలు రాలే కాలంలో కెనరీకి గట్టిగా ఉడికించిన గుడ్డును రస్కు పొడితో కలిపి పెట్టాలి. అదే మేత జీబ్రా ఫించ్‌కు దొరికితే, వాన కాలం వచ్చిందని దాని ఒంటికి తోస్తుంది. పెట్ట ఆగకుండా గుడ్లు పెట్టి, ఒంట్లోని సున్నం (కాల్షియం) హరించుకుపోయి, చివరకు గుడ్డు అడ్డుపడి చనిపోయే ప్రమాదం ఉంది. గూళ్లు, కొబ్బరిపీచు తీసేసినా ఇవి ఊరుకోవు, గింజల గిన్నెలోనే గుడ్డు పెట్టేయగల ఘటికురాళ్లు! అందువల్ల పంజరం మధ్య తడిక దించి, లేదా కెనరీని చిన్న పంజరంలోకి మార్చి, ఉదయం పూట ఒక గంటసేపు గుడ్డు మేత దానికి విడిగా పెట్టండి. కెనరీ ఈ అలవాటును త్వరగానే నేర్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల ఎండలో ఆ గంట దాటితే మిగిలినది పారేయాలి.

ఆకుకూరల్లో కొత్తిమీర, మెంతికూర రెండింటికీ మంచివి. పాలకూర, గోంగూర సున్నాన్ని ఒంటికి పట్టనివ్వవు కనుక వద్దు. సున్నం కోసం, మూలికల కొట్లలో ‘సముద్రపు నురుగు’ పేరుతో దొరికే కటిల్ చేప ఎముక ముక్క ఒకటి ఎప్పుడూ తీగకు కట్టి ఉండాలి. వెన్నపండు (అవకాడో) పిట్టలకు విషం.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. గింజలను అంతకు ముందే ఎండబెట్టి, మూత బిగువుగా ఉండే డబ్బాలో నెలకు సరిపడా మాత్రమే ఉంచండి. చెనక్కాయలకు పట్టే బూజు గురించి మన రైతులకు చెప్పనక్కరలేదు. అదే బూజు ఈ గింజల మీద కూడా అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది, అది పిట్ట కాలేయాన్ని తినేస్తుంది. ముక్కవాసన వస్తే కడిగి వాడే ప్రయత్నం చేయవద్దు, పారేయండి. అనుమానం ఉంటే 100 గింజలను తడిగుడ్డలో మూటకట్టి మూడు రోజుల తరువాత విప్పి చూడండి. 80కి తక్కువ మొలిచాయంటే ఆ సరుకు పాతది.

వచ్చే పాఠం నీరు, స్నానం గురించి. ఈలోగా వారం రోజులపాటు రెండు గిన్నెల్లోనూ ఉదయం కొలిచి పోసి, మరునాడు పొట్టు ఊదేసి మిగిలిన గింజలను కొలిచి, ఏ గిన్నెలో ఎంత తగ్గిందో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. నీటి కొలతలు చెప్పేటప్పుడు ఆ లెక్క అవసరమవుతుంది.