పశ్చిమ రోమ్ సైన్యాన్ని ఇలా సర్దుకున్నా

టోటల్ వార్: అటిల్లా అనే కంప్యూటర్ గేమ్‌లో పశ్చిమ రోమ్ తీసుకుంటే ఆట మొదలయ్యేదే క్రీ.శ. 395లో, అంటే రోమన్ చక్రవర్తి థియోడోసియస్ చనిపోయిన ఏడాది. రైన్ నది మీద ఒక సైన్యం, డాన్యూబ్ నది మీద ఒకటి, బ్రిటన్‌లో ఇంకొకటి అని సరిహద్దంతా పరిస్తే ఎక్కడా గెలిచేంత బలం ఉండదు, ఖజానా మాత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది. చివరికి అసలు రోమన్ల పద్ధతే పట్టుకున్నా.

వాళ్లకు సరిహద్దు కోటల్లో ఉండే లిమిటానియై వేరు, ఎటు ముప్పొస్తే అటు కదిలే కొమిటాటెన్సెస్ వేరు. ఆటలో ఆ కాపలా పని ఊళ్లలో ఎప్పుడూ ఉండే కాపలా దళాలకే (గారిసన్లు) వదిలేశా, వాటికి విడిగా జీతం పడదు కదా! చిన్నాచితకా సైన్యాలన్నీ కలిపేసి ట్రియర్ దగ్గర ఒకటి, మిలాన్ దగ్గర ఒకటి, రెండింట్లోనూ నిండుగా 20 యూనిట్లు పెట్టా. బ్రిటన్ పోతే పోనీ అనుకున్నా, అక్కడి ఆదాయానికి అంత టెన్షన్ అక్కర్లేదు.

కూర్పులో సగం ఈటెల పదాతి దళమే, వెనక నాలుగు విలుకాళ్ల యూనిట్లు, మిగతావి ఎక్కువగా గుర్రాలు. 357లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర రోమన్ సేనాధిపతి జూలియన్ అశ్వికులు చెదిరిపోయినా సుమారు 13 వేల మంది సైన్యంలో పదాతి దళం నిలబడి అలమన్నీలనే జర్మానిక్ తెగలను ఓడించింది, నా లెక్కకు ఆధారం అదే. గుర్రాలను పక్కన దాచి, శత్రువు ఈటెల వరుసకు తగులుకున్నాకే వెనక నుంచి వదులుతా.

ఒక్క జాగ్రత్త: శత్రువు దగ్గర్లో ఉంటే సైన్యాన్ని ఫోర్స్‌డ్ మార్చ్‌లో (ఎక్కువ దూరం వేగంగా నడిపించే పద్ధతి) ఆపొద్దు, దొరికిపోతారు.