గిటార్ శబ్దంలో పదును తగ్గిందా? పికప్ మార్చే ముందు దానిపై పడే లోడ్ చూడండి

ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం మందగించగానే చాలామంది పికప్‌నే (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే కాయిల్‌నే) అనుమానించి కొత్తది కొంటారు. నిజానికి పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే మార్చగల రెసిస్టర్లు), కేబుల్, ఆంప్ ఇన్‌పుట్ కలిసి మోపే లోడ్‌ను, అంటే విద్యుత్ భారాన్ని బట్టి అదే పికప్ వేరువేరుగా పలుకుతుంది. కాయిల్ ఇండక్టెన్స్ (కరెంట్ మార్పును అడ్డుకునే గుణం), మొత్తం కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసే గుణం) కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్ శిఖరాన్ని ఏర్పరుస్తాయి; అక్కడ సంకేతం బలంగా ఉంటుంది, శబ్దానికి పదును వచ్చేది దానివల్లే. కెపాసిటెన్స్ పెరిగితే ఆ శిఖరం కింది ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది. లోడ్ రెసిస్టెన్స్ తగ్గితే శిఖరమే కుంగిపోతుంది. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఈ తేడాయే ఆధారం.

సమస్య: పొడవాటి కేబుల్ పెట్టగానే శబ్దం మొద్దుబారింది.
కారణం: మామూలు గిటార్ కేబుల్‌కు మీటరుకు దాదాపు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. 2.4 హెన్రీల సింగిల్ కాయిల్ పికప్‌కు సొంతంగా 100 పికోఫారడ్‌లు ఉన్నాయనుకుంటే, 3 మీటర్ల కేబుల్‌తో సుమారు 5,100 హెర్ట్జ్ దగ్గర ఉండే శిఖరం 10 మీటర్ల కేబుల్‌తో 3,100 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. ట్రూ బైపాస్ పెడల్స్ (ఆపినప్పుడు సంకేతాన్ని తమ సర్క్యూట్ తాకకుండా నేరుగా పంపేవి) అన్నీ ఆపి ఉన్నప్పుడు వాటికి అటూ ఇటూ ఉన్న కేబుళ్ల పొడవంతా ఈ లెక్కలోకే వస్తుంది.
పరిష్కారం: కేబుల్ పొడవు తగ్గించండి, లేదా గిటార్‌కు దగ్గరగా ఒక బఫర్ (తర్వాతి కేబుల్ లోడ్ పికప్‌పై పడకుండా ఆపే చిన్న సర్క్యూట్) పెట్టండి. పాతకాలపు ఫజ్ పెడల్ (శబ్దాన్ని బరకగా మార్చేది) ఉంటే దాన్ని మాత్రం బఫర్ కంటే ముందే ఉంచాలి. ఆ పెడల్‌కు నేరుగా పికప్ తగలడమే దాని అందం.

సమస్య: ఆడియో ఇంటర్‌ఫేస్‌లో నేరుగా పెడితే శబ్దం చప్పగా ఉంది.
కారణం: గిటార్‌ను లైన్ ఇన్‌పుట్‌లో పెట్టి ఉంటారు. గిటార్ ఆంప్ ఇన్‌పుట్ సాధారణంగా 1 మెగా ఓమ్ ఉంటే, లైన్ ఇన్‌పుట్ చాలాసార్లు 10 కిలో ఓమ్‌ల స్థాయిలోనే ఉంటుంది. అంత లోడ్ కింద శిఖరం మిగలదు.
పరిష్కారం: ఇన్‌స్ట్రుమెంట్ లేదా హై-జీ (Hi-Z, అధిక ఇంపెడెన్స్) ఇన్‌పుట్‌కు మారండి.

సమస్య: వాల్యూమ్ కాస్త తగ్గించగానే ట్రెబుల్ పోతోంది.
కారణం: పాట్‌లో సిరీస్‌గా వచ్చి చేరిన రెసిస్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి పై ఫ్రీక్వెన్సీలను అణిచేస్తాయి.
పరిష్కారం: వాల్యూమ్ పాట్‌లో పికప్ వచ్చే కాలుకూ మధ్య కాలుకూ నడుమ 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను, దానికి సమాంతరంగా 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను టంకం వేయండి.

సమస్య: హంబకర్ (రెండు కాయిల్‌ల పికప్) బిగించాక శబ్దం మూసుకుపోయినట్టుంది.
కారణం: గిటార్‌లో 250 కిలో ఓమ్‌ల పాట్‌లే ఉండిపోయి ఉండవచ్చు. టోన్ పాట్ పూర్తిగా తెరిచినా, వాల్యూమ్ పాట్‌తో కలిసి రెండూ పై ఫ్రీక్వెన్సీల దగ్గర 125 కిలో ఓమ్‌ల లోడ్‌గా పనిచేస్తాయి.
పరిష్కారం: 500 కిలో ఓమ్‌ల పాట్‌లు వేయండి. పాట్ విలువ ముద్రించిన దానికి 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే కనుక, బిగించే ముందే బయటి రెండు కాళ్ల మధ్య మల్టీమీటర్‌తో కొలవండి. పికప్ తీగ ఊడదీయకుండా కొలిస్తే మీటర్‌లో కొన్ని కిలో ఓమ్‌లే కనబడతాయి; అది కాయిల్ రెసిస్టెన్స్, పాట్‌ది కాదు.