కథలో తాలు కాయ చూపించడం ఎట్లా

మా అన్న బిడ్డ తన మొదటి కథ పంపినప్పుడు నేను తప్పులన్నీ ఏరి, నంబర్లు వేసి తిప్పి పంపాను. మొత్తం ఇరవై మూడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, మిర్చి అడ్తి దుకాణంలో పద్నాలుగేళ్లుగా తక్‌పట్టీలు, అంటే రైతు సరుకు లెక్క చీటీలు, రాస్తున్నదాన్ని, లెక్క ఎక్కడ తప్పినా కంటికి ఆనుతుంది. తర్వాత రెండు నెలలు ఆ పిల్ల ఒక్క లైను రాయలేదు. ఇంటికి పోతే "అత్తా, చాయ్ తాగుతవా?" అనడమే తప్ప కథ ఊసెత్తలేదు. ఆ ఇరవై మూడింట్లో ఇరవై అక్షర దోషాలే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు తనూ, తన దోస్తులు ముగ్గురూ ఏది రాసినా ముందు నాకే పంపుతారు. నేను రాసేదాన్ని కాదు, చదివేదాన్ని. నాలాగే చదివి, ఎట్లా ఉందో చెప్పాల్సినవాళ్ల కోసమే ఇది.

వాళ్లు రాసేది ఫ్యాన్ ఫిక్షన్. అంటే ఏమీ లేదు, మనకు ఇష్టమైన కథలోని మనుషుల్ని తీసుకుని అందులో లేనిది రాయడం. పేరు కొత్తది గానీ పని పాతదే. వ్యాసుడి భారతం అంతా వెతికినా శశిరేఖ దొరకదు. అభిమన్యుడికి ఆ పెళ్లి చేసింది తర్వాతి కథకులే.

కథ తెరవకముందే ఒక మాట అడగండి: "ఊరికే చదవాల్నా, ఎక్కడ ఆగిపోయిన్నో చెప్పాల్నా?" కొందరు సంతోషం కోసమే రాస్తారు. పైసా తీసుకోకుండా, పరీక్షల మధ్యలో, రాత్రి పన్నెండింటికి. తప్పులు చెప్పమని వాళ్లు అడగకపోతే నచ్చిన ముక్క ఏదో చెప్పి ఊరుకోండి. చెప్పమంటే మాత్రం మొహమాటం వద్దు. "సూపర్ బిడ్డా" అని వదిలేస్తే వాళ్లకు దానితో ఏ పనీ జరగదు.

రెండుసార్లు చదవండి. మొదటిసారి కథలాగే చదవాలి. ఫోన్ పక్కన పెట్టాలనిపించిన చోటు ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు. అట్లా ఎందుకు అనిపించిందో రెండోసారి చదివేటప్పుడు వెతకాలి.

ఫ్యాన్ ఫిక్షన్‌లో అసలు చిక్కు ఏమిటంటే, ఆ పాత్ర మీద రాసినవాళ్లకెంత ప్రేమో మనకూ అంతే. నాకు కర్ణుడంటే ప్రాణం. భారతంలో గంగ ఒడ్డున కుంతి వచ్చి అడిగితే అర్జునుణ్ని తప్ప మిగిలిన నలుగురినీ చంపనని మాటిస్తాడు గానీ దుర్యోధనుణ్ని మాత్రం విడవడు. మా పిల్ల కథలో అదే నది ఒడ్డున కర్ణుడు "సరే అమ్మా" అని పాండవుల వైపు వచ్చేస్తాడు. నాకు ఒళ్లు మండింది. "మా కర్ణుడు ఇట్లా చేయడు" అని రాశాను. దానికి జవాబు ఒక్క లైనే వచ్చింది: "నీ కర్ణుడు కాదత్తా, నా కర్ణుడు."

రెండు రోజులు ఆలోచించాను. పిల్ల చెప్పింది నిజమే. "అట్లా కాకుండా ఇట్లా జరిగితే?" అని మొదలుపెట్టిన కథ మీద అట్లా జరగలేదని గొడవ పడితే ఏం లాభం? అయినా నాకు ఏదో తక్కువైనట్టే ఉంది. మళ్లీ చదివితే దొరికింది. అంగరాజ్యం ఇచ్చి నిలబెట్టిన స్నేహితుణ్ని వదిలి వస్తున్నాడు, ఆ వదలడం రెండు వాక్యాల్లో అయిపోయింది. దుర్యోధనుడి ముఖం నాకు కనబడలేదు. అప్పుడు ఇట్లా రాసి పంపాను:

"మూడో అధ్యాయంలో కర్ణుడు గుడారం నుంచి బయటికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చదివిన. రథం ఎక్కినంక పట్టు జారింది. ఇన్నేళ్ల దోస్తీ తెగుతుంటే ఆయనకు ఎక్కడ నొప్పి పుట్టిందో నాకు తెలియలే. దుర్యోధనుడికి ఈ సంగతి ఎవరు చెప్పిన్రు?"

ఇందులో పాత్ర మారకూడదని ఎక్కడా లేదు. మారిన తీరు నన్ను ఎక్కడ వదిలేసిందో మాత్రం ఉంది. ఈ తేడా పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మీకూ కోపం వస్తే, అది కథ మీదనా, మీ మనసులో ఉన్న కర్ణుణ్ని ఎవరో ముట్టుకున్నారనా అని ముందు చూసుకోండి. రెండోదైతే ఏమీ రాయకండి, పోయి చాయ్ తాగండి.

మా మార్కెట్లో సేటు వచ్చి "సరుకు బాగాలేదు" అంటే రైతు ఊరుకోడు. అదే బస్తాలోకి చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, తెల్లబడ్డదాన్ని వేలితో చూపించి "ఇగో తాలు" అంటే బేరం ముందుకు పోతుంది. కథకైనా అంతే. "బోరు కొట్టింది" అనకుండా ఏ పేరా దగ్గర, ఏ మాట దగ్గర అనేది చెప్పండి. నచ్చింది చెప్పేటప్పుడూ అదే పద్ధతి. ఊపిరి బిగబట్టానన్నది నేను పొగడ్త కోసం రాయలేదు. ఆ చోటు పనిచేసిందని తెలియకపోతే తిరగరాసేటప్పుడు దాన్నే కొట్టేస్తారు.

వాస్తవాల తప్పులు సులువు. మా పిల్ల దోస్తు ఒకమ్మాయి కాకతీయుల కాలం కథ రాసింది. ఓరుగల్లు కోట గోడ మీద కాపలా సైనికుడు పచ్చిమిర్చి కొరుక్కుని గటక తింటుంటాడు. పొద్దంతా మిర్చి బస్తాల మధ్య కూర్చునే నాకు నవ్వాగలేదు. కాకతీయుల రాజ్యం పడిపోయింది 1323లో. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్లతో వచ్చింది, వాస్కో డ గామా మన తీరం చేరిందే 1498లో. ఇట్లాంటిది నలుగురి ముందు అనకండి. విడిగా ఒక లైను చాలు: "అప్పటికి మిర్చి రాలేదు బిడ్డా, మిరియాలు పెట్టు." గటక జోలికి నేను పోలేదు. మక్క గటకైతే అదీ తప్పే, మక్కలూ మిర్చిలాగే తర్వాత వచ్చినవే; జొన్న గటకే అనుకున్నాను. అక్షర దోషాలు ఉంటే అన్నీ కలిపి చివర్లో పంపండి, అదీ అడిగితేనే.

ఒకసారికి రెండు సంగతులు, మహా అయితే మూడు. తర్వాత ఎట్లా సరిచేయాలో మీరు రాసివ్వకండి. నాకు ఈ రోగం ఉంది. దుర్యోధనుడు గద నేలకేసి కొట్టి అరవాలని నా మనసులో సీను మొత్తం తయారైంది, రెండు పేరాలు టైపు కూడా చేశాను. పంపకుండా తుడిచేశాను. అడిగింది మారుస్తారా లేదా అని వెంటపడటం కూడా బాగుండదు. మార్చకపోయినా అది వాళ్ల కథ.

నెల తర్వాత నాలుగో అధ్యాయం వచ్చింది. దుర్యోధనుడు ఒక్క మాటా అనలేదు. కర్ణుడి గుర్రాలకు తానే నీళ్లు పెట్టి, కళ్లేలు సరిచేసి, రథం కనుమరుగయ్యేదాకా ఖాళీ కుండ పట్టుకుని నిలబడ్డాడు. దుకాణంలో కాంటా నడుస్తుంటే చదివాను. ఒక రైతు తక్‌పట్టీలో బస్తాల లెక్క తప్పు రాసి, కొట్టేసి మళ్లీ రాశాను.