కోరంగి మడ అడవిని పాటు వేళ చూడండి

కోరంగి మడ అడవికి వెళ్లాలనుకుంటే ముందు పంచాంగం తెరవండి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే ఉంది కాబట్టి ఎప్పుడైనా దిగి చూసి రావచ్చని చాలామంది అనుకుంటారు. పోటు మీద, అంటే సముద్రపు నీరు పైకి వచ్చిన వేళ వెళితే చెట్లూ నీళ్లూ తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. ఈ అడవి బతుకంతా బురదలో ఉంది, అది బయటపడేది నీరు వెనక్కి తగ్గే పాటు వేళే. మా బడి పిల్లలను నేను ఆ వేళకే తీసుకెళతాను.

లెక్క తేలికే. పోటు నుంచి పాటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ఈ రోజు పాటు ఎన్నింటికో తెలిస్తే రేపటికి దాదాపు 50 నిమిషాలు కలుపుకోండి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా లాగుతుంది. అష్టమి దాటాక తేడా తక్కువ. కచ్చితమైన వేళ కోసం తాళ్లరేవు వైపు వేటకు వెళ్లేవారిని అడగండి. సముద్రపు ఒడ్డున పాటు వేళకూ కాలువల లోపలి వేళకూ ఉండే తేడా వాళ్లకు తెలుసు. పడవ ఎక్కాలనుంటే మాత్రం పోటు దాకా ఆగాలి.

చెక్కబాట మీద గబగబా నడిచిపోకండి. ఒకచోట కూర్చుని కిందికి చూడండి. మేకులు దిగేసినట్టు కనిపించేవి మడ చెట్టు శ్వాస వేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వాటిని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. మన అడుగుల చప్పుడుకు పీతలన్నీ బొరియల్లో దూరి ఉంటాయి. కదలకుండా ఉంటే ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఒక డెక్క మాత్రమే చాలా పెద్దగా ఉన్నది మగ పీత. దాన్ని పైకెత్తి ఆడిస్తూ ఆడపీతను పిలుస్తుంది. తిండికి దానికి పనికొచ్చేది రెండో చిన్న డెక్క ఒక్కటే. ఆడపీత రెండు డెక్కలతోనూ తింటుంది. ఈ ఒక్క సంగతి చూపిస్తే చాలు, పిల్లలు గంటసేపు లేవరు.

చెట్లలో మూడింటిని గుర్తుపట్టండి. తెల్లమడ పీల్చుకున్న ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఎండ కాసిన రోజు సన్నటి పలుకులు మెరుస్తాయి. వేలితో రాసి నాలుకకు తాకించి చూడండి. ఉప్పుపొన్న కాండం నుంచి వంపు తిరిగి దిగిన వేళ్ల మీద నిలబడుతుంది. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి పొడవుగా వేలాడుతుంది. తిల్లను మాత్రం ముట్టుకోవద్దు. రాలే ముందు దాని ఆకులు ఎర్రబడి ముచ్చటగా ఉంటాయి, పిల్లల చేయి ముందు అటే వెళుతుంది. తుంచితే కారే తెల్లటి పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందుకే ఏది తిల్లో, ఏది మడో తేల్చుకున్నాకే రుచి సంగతి.

బాట దిగి బురదలోకి వెళ్లకండి, శ్వాస వేళ్లు విరుగుతాయి. 1839 నవంబరులో కోరంగి రేవు తుపానుకు ధ్వంసమైంది. 1996 నవంబరు తుపానూ ఈ తీరాన్నే తాకింది. ఉప్పెన వస్తే మా ఊళ్లకన్నా ముందు నిలబడేవి ఈ చెట్లే. చేతులు జోడించి అడుగుతున్నాను, వాటిని తొక్కకండి.

ఇది 1978 నుంచి అభయారణ్యం. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఇక్కడ ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి పగలు దాని జాడలే వెతకాలి. నీటికుక్కలూ ఇక్కడే తిరుగుతాయి. బురదలో తాజా అడుగు కనిపిస్తే వేళ్లు లెక్కపెట్టండి: పిల్లికి నాలుగు, నీటికుక్కకు ఐదు. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందువల్ల దాని అడుగులో గోటి గుర్తులు కూడా పడవచ్చు.