మెడ ధమని గోడ ఎంఆర్ఐ: బొమ్మ చెడితే ఎక్కడ వెతకాలి

ఆరోగ్యంగా ఉన్న కరోటిడ్ (మెడ ధమని) గోడ మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే టూడీలో (ఒక్కో పొరని విడిగా తీసే పద్ధతి) 0.5–0.6 మి.మీ. పిక్సెల్ (బొమ్మలోని చుక్క), 2 మి.మీ. స్లైస్ (పొర మందం) పెడతారు, త్రీడీలో (భాగమంతా ఒకేసారి తీసే పద్ధతి) అన్ని వైపులా 0.6–0.8 మి.మీ. కింద చెప్పినవి 3 టెస్లా మెషీన్‌కి.

బొమ్మంతా ఇసుక చల్లినట్టుంది

ముందు కాయిల్ (సిగ్నల్ పట్టే యాంటెన్నా) చూడండి. కరోటిడ్ సర్ఫేస్ కాయిల్ దవడ మూలకి ఎదురుగా, రెండు వైపులా చర్మానికి ఆనుకుని ఉండాలి. లోతుకి వెళ్లేకొద్దీ దాని సిగ్నల్ వేగంగా పడిపోతుంది. ధమని రెండుగా చీలే చోటు అందరికీ ఒకే ఎత్తులో ఉండదు కాబట్టి, ముందు చిన్న టీఓఎఫ్ (ప్రవహించే రక్తాన్ని తెల్లగా చూపే స్కాన్) తీసి, తేడా ఉంటే కాయిల్ జరపండి.

లావు మెడకి పిక్సెల్ తగ్గించే ఆశ వద్దు. స్లైస్ మార్చకుండా 0.6 నుంచి 0.5కి దిగితే వోక్సెల్ (పిక్సెల్, స్లైస్ మందం కలిసిన చిన్న ఘనం) పరిమాణం 30 శాతం తగ్గుతుంది; పోయిన సిగ్నల్ రాబట్టాలంటే స్కాన్ సమయం దాదాపు రెట్టింపు చేయాలి. ఆలోగా పేషెంటు కదలనే కదులుతారు. ఇంటర్‌పొలేషన్‌తో (పిక్సెళ్ల మధ్య ఖాళీని లెక్కకట్టి నింపడం) తెర మీద కనిపించే 0.3 మి.మీ. పిక్సెల్ కొత్త వివరమేమీ ఇవ్వదు.

గోడ జంటగా, అలలుగా కనిపిస్తోంది

కారణం గుటక. "శబ్దం ఆగినప్పుడే గుటక వేయండి" అని లోపలికి పంపే ముందే చెప్పండి. తలకి రెండు పక్కలా ప్యాడ్లు బిగించండి, ఒక్కో సీక్వెన్స్ (ఒక విడత స్కాన్) ఐదు నిమిషాలు దాటనివ్వకండి. గొంతు ముందు భాగం మీద సాచురేషన్ బ్యాండ్ (అక్కడి సిగ్నల్‌ని అణిచే పట్టీ) పెట్టండి, అది ధమనుల మీదికి రాకూడదు. నాడి లయ తప్పుతుంటే గేటింగ్ (నాడికి తగ్గట్టు స్కాన్ నడపడం) తీసేయడమే మేలు; లేకపోతే టీఆర్ (పల్సుల మధ్య వ్యవధి) మారిపోతూ ఉంటుంది.

రక్తం నల్లగా లేదు, గోడ లోపలి అంచున బూడిద రంగు పొర ఉంది

గోడ స్పష్టంగా కనిపించాలంటే లోపలి రక్తం నల్లగా ఉండాలి. ఎక్కువ జాగ్రత్త ఇక్కడే కావాలి, ఎందుకంటే ఈ బూడిద పొర ప్లాక్‌లాగే (గోడలో పేరుకున్న కొవ్వు పూడిక) కనిపిస్తుంది. కరోటిడ్ బల్బులో (ధమని చీలే చోటి ఉబ్బు) రక్తం సుడి తిరుగుతూ నెమ్మదిస్తుంది. డబుల్ ఇన్వర్షన్ (రెండు పల్సులతో రక్తాన్ని నల్లబరిచే పద్ధతి) పని చేయాలంటే పాత రక్తం స్లైస్‌లోంచి బయటికి పోవాలి. బల్బులో అది పోదు. పొడవాటి త్రీడీ స్లాబ్‌లో అసలే పోదు. అలాంటి చోట ఐఎంఎస్‌డీఈ లేదా డాంటే ప్రిపరేషన్ (కదిలే రక్తం సిగ్నల్‌ని ముందే చెరిపే పల్సులు) వాడండి. ఐఎంఎస్‌డీఈలో ఫస్ట్ మొమెంట్ (కదలికకి ఎంత సున్నితమో చెప్పే కొలత) పెంచితే నెమ్మది రక్తం కూడా నల్లబడుతుంది, కానీ గోడ సిగ్నల్ కూడా కొంత పోతుంది. కాబట్టి ఒక్కో మెట్టు పెంచుతూ చూడండి.

అనుమానం తీరకపోతే అదే స్లైస్‌ని టీఓఎఫ్‌తో పోల్చండి. ఆ పొర ఉన్న చోట టీఓఎఫ్ తెల్లగా ఉంటే ప్రవహించే రక్తమే కావచ్చు. అయితే ప్లాక్ లోపలి రక్తస్రావం కూడా టీఓఎఫ్‌లో తెల్లబడగలదు, అందుకని ఎంపీరేజ్ (రక్తస్రావాన్ని తెల్లగా చూపే స్కాన్) కూడా చూడాలి.

గాడోలినియం (కాంట్రాస్ట్ మందు) ఇచ్చాక రక్తం టీ1 (సిగ్నల్ తిరిగి కోలుకునే సమయం) తగ్గుతుంది. పాత టీఐతోనే (ఇన్వర్షన్ తర్వాత ఆగే సమయం) డబుల్ ఇన్వర్షన్ నడిపితే రక్తం మళ్లీ తేలుతుంది. టీఐ తగ్గించండి, లేదా క్వాడ్రపుల్ ఇన్వర్షన్‌కి (నాలుగు పల్సుల పద్ధతి) మారండి.

ఒక పక్క కొవ్వు తెల్లగా మిగిలింది

గోడ బయటి కొవ్వుని స్కాన్‌లో అణిచేస్తారు. ఒక పక్క మిగిలితే షిమ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం) సరిగా కుదరలేదు; దవడ, గాలి, పంటి లోహం కారణం. షిమ్ బాక్స్‌ని మెడ వరకే కుదించండి. అప్పటికీ పోకపోతే డిక్సన్ (కొవ్వుని, నీటిని విడదీసే పద్ధతి) వాడండి. గాడోలినియం తర్వాత స్టిర్ (టీ1ని బట్టి కొవ్వుని అణిచే పద్ధతి) వద్దు, కాంట్రాస్ట్ తీసుకున్న గోడ కూడా అణిగిపోవచ్చు. ఎంపీరేజ్‌లో మిగిలిన కొవ్వు రక్తస్రావాన్ని తలపిస్తుంది. వాటర్ ఎక్సైటేషన్ (నీటి సిగ్నల్‌ని మాత్రమే లేపడం) పెట్టండి.

గోడ ఒక వైపే మందంగా ఉంది

స్లైస్ ధమనికి ఏటవాలుగా కోసి ఉండవచ్చు. మెలికలు తిరిగిన ధమనికి త్రీడీ తీసి, దానికి అడ్డంగా రీఫార్మాట్ చేయండి (కంప్యూటర్‌లో కొత్తగా కోసి చూడండి). రేపు ఫాలో-అప్‌లో పోల్చాలంటే స్లైస్‌లని టేబుల్ పొజిషన్ నుంచి కాక, ధమని చీలే చోటు నుంచే లెక్కపెట్టాలి.