వేసవి కరాటే శిబిరాల్లో ఇంటిల్లిపాదీ చేరే ముందు

ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులు ఇచ్చింది మొదలు జూన్ 12న తిరిగి తెరిచే దాకా నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లో కరాటే, తైక్వాండో శిబిరాలు కిక్కిరిసి నడుస్తాయి. ఒకప్పుడు పిల్లలను గేటు దగ్గర దింపి వెళ్లిపోయిన తల్లిదండ్రులు ఇప్పుడు తాము కూడా తెల్ల బెల్టు కట్టుకొని అదే వరుసలో నిలబడుతున్నారు. ఈ మార్పు నాకెంతో నచ్చింది. అయితే గత నెలలో మా జిల్లాలోని ఒక శిక్షణ కేంద్రంలో జరిగిన సంఘటన విన్న తరువాత ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయాను. తండ్రితో కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధన) చేస్తున్న పన్నెండేళ్ల బాలుడికి కణత మీద దెబ్బ తగిలింది. కాసేపు కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ నిలబెట్టారు. ఆ తరువాత కొద్దిసేపటికే అతడు వెల్లకిలా పడ్డాడు. రాత్రికి వాంతులు మొదలైతే హైదరాబాదుకు తరలించారు. ప్రాణం దక్కింది గాని, బాలుడు ఇంకా కోలుకుంటూనే ఉన్నాడు.

గోళ్లు కత్తిరించుకోవడం, ఉంగరాలు, గొలుసులు తీసివేయడం, ఒళ్లు వేడెక్కే దాకా వార్మప్ చేయడం వంటివి ఏ మాస్టరైనా మొదటి రోజే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క తప్పు గురించి: తలకు దెబ్బ తగిలిన మనిషిని అదే రోజు మళ్లీ మ్యాట్ మీదికి పంపడం. విరిగిన చెయ్యి అతుక్కుంటుంది, బెణికిన కాలు సర్దుకుంటుంది. ఈ తప్పు వల్ల మాత్రం బాగా చదివే పిల్లలు నెలల తరబడి పుస్తకం పట్టలేకపోవడం, ఎదిగిన యువకులు ఆటకే దూరమవడం చూశాను.

కుటుంబమంతా ఒకే చోట నేర్చుకుంటున్నప్పుడు ఈ తప్పు మరింత సులువుగా జరుగుతుంది. వేరే వాళ్ల బిడ్డ పడిపోతే మాస్టర్ జంకుతారు, ఆట ఆపుతారు, ఇంటికి ఫోన్ చేస్తారు. పడిన బిడ్డ తండ్రి అక్కడే, అదే దుస్తుల్లో, ఎదురుగా నిలబడి ఉంటే నిర్ణయం ఆయనకే వదిలేస్తారు. ఆ తండ్రికి తానే కొట్టానన్న కంగారు ఒకవైపు, నలుగురిలో తన బిడ్డ బెదిరిపోకూడదన్న పట్టుదల మరొకవైపు ఉంటాయి. "ఏం కాలేదు బిడ్డా, లేచి నిలబడు" అంటాడు. నాన్న ముందు చిన్నబోవడం ఇష్టం లేక బిడ్డ కూడా తల తిరుగుతున్న సంగతి దాచి తల ఊపుతాడు. అందువల్ల కుటుంబాలు చేరే ప్రతి శిబిరంలో ఒక నియమం ముందే ఉండాలి: తలకు దెబ్బ తగిలినప్పుడు ఆట ఆపాలా వద్దా అని తేల్చే అధికారం ఆ కుటుంబంలో ఎవరికీ ఉండకూడదు, మాస్టర్‌కు గాని, అక్కడ ఉన్న మూడో మనిషికి గాని ఉండాలి. వారు ఆపిన తరువాత తల్లిదండ్రులు బతిమాలినా ఆ రోజుకు తిరిగి దింపకూడదు.

స్పృహ తప్పలేదు గనుక ఏమీ కాలేదనుకోవడం పొరపాటు. కంకషన్ అనే ఈ గాయంలో ఎక్కువ మంది స్పృహ కోల్పోనే కోల్పోరు. నెత్తి మీద చిన్న బొప్పి కూడా కనబడకపోవచ్చు. పెరుగు కుండను గట్టిగా కుదిపితే కుండకు బీట పడకపోయినా లోపలి గడ్డ చెదిరినట్టే, పుర్రె చెక్కుచెదరకపోయినా లోపల మెదడు కదిలి దెబ్బ తింటుంది. హెల్మెట్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది గాని ఆ కదలికను ఆపలేదు. పిల్లల మెడ కండరాలు బలహీనంగా ఉంటాయి, ఒంటితో పోలిస్తే తల పెద్దదిగా ఉంటుంది. కాబట్టి పెద్దలు దులిపేసుకునే దెబ్బ కూడా వారిని గట్టిగా కుదుపుతుంది. మొదటి దెబ్బ మానక ముందే రెండోది తగిలితే అరుదుగానైనా మెదడు హఠాత్తుగా వాచి ప్రాణం పోవచ్చు. 2011లో ఉత్తర ఐర్లండులో ఒక 14 ఏళ్ల బాలుడు బడి రగ్బీ మ్యాచ్‌లో తలకు దెబ్బలు తగిలిన తరువాత కూడా ఆడుతూ ఉండి చనిపోయాడు. బ్రిటన్‌లో 2023లో సాధారణ క్రీడాకారుల కోసం వెలువడిన మార్గదర్శకాలు కంకషన్ అయిన వారిని 21 రోజుల లోపు పోటీకి పంపవద్దంటున్నాయి. దెబ్బలే ఆటగా ఉన్న బాక్సింగ్‌లో సైతం తలకు దెబ్బ తగిలి పోటీ ఆగిపోతే కనీసం 30 రోజుల విశ్రాంతి తప్పనిసరి. మన శిబిరాల్లో మాత్రం ఒక గ్లాసు నీళ్లతో సరిపెడుతున్నాం.

వేసవిలో మరొక చిక్కు ఉంది. మే నెలలో నల్లగొండలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, శిబిరాలేమో రేకుల షెడ్లలో నడుస్తాయి. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం అనే మూడూ ఎండ దెబ్బకూ ఉంటాయి, తల గాయానికీ ఉంటాయి. సాయంత్రం ఇంటికి వచ్చిన పిల్లవాడు వాంతి చేసుకుంటే "ఎండకు తట్టుకోలేకపోయాడు" అని మజ్జిగ తాగించి పడుకోబెడతారు. విలువైన గంటలు అక్కడే పోతాయి. వాంతి అయిన పిల్లవాడిని మొట్టమొదట అడగవలసిన ప్రశ్న "ఈ రోజు తలకు ఏమైనా తగిలిందా?" అన్నదే. వాడి మాటతో ఆగకుండా వాడితో జతగా తలపడిన పిల్లవాడిని కూడా అడగాలి.

ఇక ఎవరితో ఎవరు తలపడాలన్న సంగతి. కూతురు గోధుమ రంగు బెల్టులో, తండ్రి తెల్ల బెల్టులో ఉన్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. బెల్టులో కూతురే పెద్దది కదా, ఆమెకేమీ భయం లేదని జత కలుపుతారు. నిజానికి మ్యాట్ మీద అందరికంటే ప్రమాదకరమైన మనిషి తెల్ల బెల్టు కట్టుకున్న పెద్దవాడు. బలమంతా పెద్దవాడిదే, దెబ్బను తాకే ముందు ఆపుకొనే నేర్పు మాత్రం ఇంకా రాలేదు. డెబ్బై కిలోల మనిషి ఆపుకోలేకపోయిన ముష్టిఘాతం ముప్పై కిలోల పిల్ల ముఖానికి తగిలితే ఏ బెల్టూ కాపాడదు. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కటా (ప్రత్యర్థి లేకుండా చేసే కదలికల వరుస) చేయవచ్చు, ప్యాడ్ పట్టుకొని తన్నులు సాధన చేయవచ్చు. ఎదురెదురుగా కుమితే మాత్రం ఈడుకు ఈడు, బరువుకు బరువు చూసే చేయాలి.

తల గాయమైన రాత్రి ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్పాలి. తలనొప్పి అంతకంతకు పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, మాట తడబాటు, కాలో చెయ్యో పట్టు తప్పడం, ఒక కంటిపాప రెండోదాని కంటే పెద్దదిగా కనబడటం, మూర్ఛ, లేపితే లేవని మత్తు, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని పలచని నీరు కారడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారే దాకా చూడకుండా 108కు ఫోన్ చేయాలి. దేవరకొండ, అచ్చంపేట వంటి చోట్ల ఉండేవారు రాత్రి పూట కూడా సీటీ స్కాన్ తీసే దవాఖాన దగ్గరలో ఎక్కడ ఉందో శిబిరం మొదలయ్యే ముందే కనుక్కోవాలి. ఈ లక్షణాలేవీ లేకపోయినా మరునాడు డాక్టరుకు చూపించాలి, మొదటి రెండు రోజులు ఫోను, టీవీ బాగా తగ్గించాలి, మెల్లగా నడవడం వంటివాటితో మొదలుపెట్టి అంచెలంచెలుగా సాధనకు రావాలి. ఒక్కో అంచెకు కనీసం 24 గంటలు పట్టనివ్వాలి. డాక్టరు ఒప్పుకోనిదే కుమితే వద్దు.

మిగిలినవి వరుసగా చెబుతున్నాను.

తలకు దెబ్బ తగిలిన రోజు ఆట అంతటితో సరి. బెల్టు టెస్టు మరునాడే ఉన్నా సరి.

తల గాయమైన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఐబుప్రొఫెన్ కూడా మొదటి రోజుల్లో వద్దు, రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. నొప్పికి ఏం వాడాలో డాక్టరునే అడగండి.

ఇంటి దగ్గర షాబాదు బండల మీద అన్నదమ్ములు తలపడకూడదు. అక్కడ పడితే మొదట తగిలేది తల వెనుక భాగమే. డాబా మీద అసలే వద్దు.

సాధన ఉదయం ఎనిమిది లోపు ముగియాలి. చెమట పడుతోంది గనుక వడదెబ్బ కాదని అనుకోకండి, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. మాట తికమకగా వస్తే ముందు నీళ్లతో ఒళ్లంతా తడిపి గాలి ఆడేలా చేయండి, ఆ తరువాతే బండి ఎక్కించండి. స్పృహ లేని వారి నోట్లో నీళ్లు పోయకండి.

చెమటతో పోయిన నీటికి బదులు తాగించే ద్రావణానికి లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. అంతకంటే ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని.

పళ్లకు తొడిగే మౌత్ గార్డు ఎవరిది వారికే ఉండాలి. తువ్వాలు కూడా అంతే, ఒకరికి వచ్చిన తామర ఇంటిల్లిపాదికీ పాకుతుంది.

పిల్లలకు గొంతు నొక్కే పట్లు నేర్పించవద్దు.

వార్షికోత్సవంలో చేతుల మీదుగా మోటారు సైకిళ్లు పోనిస్తామంటే మీ బిడ్డను పంపకండి. తలతో పెంకులు పగలగొట్టిస్తామంటే పంపకండి. పెరుగుతున్న ఎముకల చివర్లు ఇంకా మెత్తగానే ఉంటాయి, చక్రం కింద అక్కడ నలిగితే చెయ్యి వంకరగా ఎదగవచ్చు.

పోటీలో తక్కువ బరువు తరగతిలో చేర్చడం కోసం పిల్లలను పస్తులు పెట్టవద్దు, నీళ్లు ఆపవద్దు.

తలకు దెబ్బ తగిలిన సంగతి దాచిన పిల్లలను తిట్టకండి. తిడితే రెండోసారి కూడా దాస్తారు.

తల్లికో తండ్రికో దెబ్బ తగిలినా ఇదే నియమం. మీరు ఆగకుండా ఆడితే మీ పిల్లలు దాన్నే నేర్చుకుంటారు.

మళ్లీ చెబుతున్నాను, అదే రోజు మళ్లీ పంపకండి. "ఒక్క రౌండే కదా" అని పంపకండి, పిల్లవాడు తానే అడిగినా పంపకండి.

ఫీజు కట్టే రోజున మాస్టర్‌ను సూటిగా అడగండి: ఎవరికైనా తలకు దెబ్బ తగిలితే ఆట ఆపేది ఎవరు, ఎన్ని రోజుల తరువాత తిరిగి రానిస్తారు? "అది వాళ్ల నాన్న చూసుకుంటాడు" అన్న జవాబు వస్తే అక్కడ ఫీజు కట్టకండి.