జర్మన్ యుద్ధకాలపు కామో స్మాక్ ఒరిజినలా కాదా, ఎలా చూడాలి

ఆన్‌లైన్‌లో ఎవరైనా "సెకండ్ వరల్డ్ వార్ జర్మన్ కామో, పక్కా ఒరిజినల్" అని స్మాక్ (యూనిఫాం మీద వేసుకునే, చుట్టూ ఉన్న చెట్టూచేమల్లో కలిసిపోయే కామోఫ్లాజ్ రంగుల వదులు చొక్కా) అమ్మకానికి పెట్టగానే మనోళ్ళు ముందు లోపల ఫ్యాక్టరీ స్టాంప్ ఉందా అని వెతుకుతారు. అది ఆఖర్న చూడాల్సిందండి, ఎందుకంటే దొంగ సరుకు చేసేవాడికి అన్నిటికన్నా ఈజీ పని స్టాంప్ కొట్టడమే. ముందు డిజైన్, తర్వాత కట్, ప్రింట్, కుట్టు, అరుగుదల, అన్నీ కుదిరాక స్టాంప్. మోడల్ బొమ్మలకి పెయింట్ వేసేవాళ్ళకి, పాత ఫోటోలు చూసేవాళ్ళకి కూడా మొదటి రెండూ పనికొస్తాయి.

డిజైన్ సంగతి. అంచులు కత్తితో కోసినట్టు గీతగా ఉండి, ఆకుపచ్చ, గోధుమ రంగు ముక్కల మీద వాన జల్లులాగా సన్నటి నిలువు గీతలు ఉంటే అది స్ప్లింటర్. 1931లో జెల్ట్‌బాన్ అనే మూడు మూలల డేరా గుడ్డ మీద మొదలైంది, ఒక్కోటి ఒంటరిగా రెయిన్‌కోటులాగా కప్పుకోవచ్చు, నాలుగు కలిపి గుండీలు పెడితే నలుగురు పడుకునే టెంట్ అవుతుంది. అదే జల్లు గీతలు ఉండి అంచులు తడిసి పాకినట్టు మెత్తగా ఉంటే సుంఫ్, అంటే 1943 నుంచి ఆర్మీలో కనిపించేది. గీతలు లేకుండా మచ్చలు, చుక్కలు, ఆకుల్లాంటి ఆకారాలు ఉంటే వాఫెన్ ఎస్ఎస్ (ఆర్మీ కాకుండా నాజీల ఎస్ఎస్‌కి విడిగా ఉన్న సైనిక విభాగం) వైపు చూడండి. వాటి డిజైన్ల వెనక ఉన్నది మ్యూనిక్ ప్రొఫెసర్ ఒట్టో షిక్. ఇంకోటి, పెద్ద పెద్ద మచ్చలే ఉండి చుక్కా గీతా ఏమీ లేకపోతే అది ఇటాలియన్ గుడ్డ అయ్యే ఛాన్స్ ఎక్కువ, 1943 సెప్టెంబర్‌లో ఇటలీ లొంగిపోయాక ఆ స్టాక్ జర్మన్ల చేతికొచ్చింది, 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో జరిగిన యుద్ధం ఫోటోల్లో బాగా కనిపిస్తుంది.

కట్ దగ్గర ఎక్కువ టైమ్ పెట్టండి. ఎస్ఎస్ స్మాక్ తల మీద నుంచి తొడుక్కునేది, ముందు పూర్తిగా తెరుచుకోదు, మెడ దగ్గర నాడా, నడుముకీ మణికట్టుకీ ఎలాస్టిక్. గుడ్డ నీళ్ళు త్వరగా పట్టని గట్టి కాటన్, రెండు వైపులా ప్రింట్, ఒకవైపు వసంతకాలం పచ్చ, తిప్పితే శరదృతువు గోధుమ. పాత మోడల్‌కి ఛాతీ దగ్గర రెండు నిలువు చీలికలు ఉంటాయి, లోపలి కోటు జేబుల్లోకి చెయ్యి పోవడానికి. తర్వాత వాటిని తీసేసి కింద జేబులు పెట్టారు, ఆకులూ కొమ్మలూ గుచ్చుకోవడానికి చిన్న లూపులు కూడా కుట్టారు. అందుకని చీలికలు ఉన్న తొలి మోడల్ అని చెప్తూ లూపులు కూడా చూపిస్తుంటే అక్కడే ఒకసారి ఆగండి. 1944 మార్చిలో వచ్చిన చుక్కల డ్రెస్ లెక్క వేరే, అది గుండీలు పెట్టే కోటు, ప్యాంటు, హెరింగ్‌బోన్ నేత (చేప ముల్లులాగా వీ ఆకారపు గీతలు కనిపించే నేత), ఒకవైపే ప్రింట్. దాన్ని "రెండు వైపులా వేసుకోవచ్చు" అని అమ్ముతుంటే ఇక మాటలు అనవసరం.

ప్రింట్‌కి భూతద్దం తీసుకోండి. మొదట్లో స్క్రీన్లు పెట్టి చేత్తో ప్రింట్ చేసేవాళ్ళు, తర్వాత రోలర్ మెషీన్లు వచ్చాయి, కాబట్టి రంగు మీద రంగు ఎక్కిన చోట్లు, కొద్దిగా పక్కకి జరిగిన అంచులు ఉంటాయి. కంప్యూటర్ ప్రింట్‌లాగా అచ్చు గుద్దినట్టు ఉంటే నాకైతే అనుమానమే.

ఇక దారం. చీకటి గదిలో యూవీ టార్చ్ వెయ్యండి. కొత్త సింథటిక్ దారమైతే చాలాసార్లు తెల్లగా మెరిసిపోతుంది. కానీ అసలు గుడ్డని కూడా ఎవరో ఈమధ్య డిటర్జెంట్‌లో ఉతికితే మెరుస్తుంది, మెరవకపోయినా అసలుదని గ్యారంటీ లేదు, ఈ టెస్ట్ ఒక్కదాన్నే నమ్మొద్దు. తెగిన దారం పోగు దొరికితే కాల్చి చూడండి, కాటన్ బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

అరుగుదల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం అదే ఇష్టమైన పార్ట్. ఫ్రంట్‌లో సైనికులు బెల్టు, తూటా సంచులు స్మాక్ పైనే కట్టుకునేవాళ్ళు, అంటే నడుము చుట్టూ, భుజాల మీద పట్టీలు రాసుకునే చోట రంగు పోవాలి, మోచేతులు నలగాలి. రాళ్ళతో రుద్ది పాతబరిచిన గుడ్డకి అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది.

చలికాలం డ్రెస్సులు వేరు, 1941-42 మాస్కో చలి దెబ్బ తిన్నాక వచ్చాయి, దూది పెట్టి కుట్టినవి, ఒకవైపు తెలుపు, ఇంకోవైపు మొదట బూడిద రంగు, తర్వాత కామో. రష్యన్లు కూడా తెలుపే వేసుకునేవాళ్ళు కదా, అందుకే మనవాడెవడో తెలియడానికి చేతికి రంగు పట్టీలు పెట్టేవాళ్ళు. చేతుల మీద ఆ పట్టీల గుండీలు ఉన్నాయేమో చూడండి.

ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం యుద్ధం తర్వాతి అసలు సరుకు దగ్గర. పశ్చిమ జర్మనీ సరిహద్దు పోలీసులు సుంఫ్ లాంటి డిజైనే వాడారు, బల్గేరియా ఆర్మీ స్ప్లింటర్ వాడింది. గుడ్డ పాతదే, మిలిటరీదే, కానీ యుద్ధం నాటిది కాదు, రేటు మాత్రం యుద్ధం రేటు చెప్తారు.

చివరికి స్టాంప్. యుద్ధం రెండో సగంలో ఫ్యాక్టరీ పేరు బదులు సున్నాతో మొదలయ్యే కోడ్ నంబర్ కొట్టేవాళ్ళు, కాబట్టి తొలి మోడల్ కట్ మీద ఆ నంబర్ ఉంటే పొసగదు. అమ్మేవాళ్ళు లిస్టింగులో ఎప్పుడూ రాయని సంగతి ఒకటుంది, ఎస్ఎస్ యూనిఫాంలు కుట్టిన చోట్లలో రావెన్స్‌బ్రూక్ అనే నాజీ మహిళా కాన్సంట్రేషన్ క్యాంపు కూడా ఒకటి, 1940లో పెట్టిన టెక్స్‌లెడ్ అనే ఎస్ఎస్ కంపెనీ కింద ఖైదీ ఆడవాళ్ళ చేత కుట్టించారు. "ఎలైట్ సోల్జర్ల డ్రెస్" అని మురిసిపోతూ కొనేవాళ్ళు ఇది తెలిసే కొనాలి.

డబ్బు పంపే ముందు అమ్మేవాణ్ణి ఈ ఫోటోలు అడగండి: లోపలి వైపు మొత్తం, చంక కుట్టు దగ్గరగా, మెడ నాడా రంధ్రాలు, ఎలాస్టిక్ దూర్చిన మడత, ఒక కాజా, నడుము దగ్గర అరిగిన చోటు. ఇవి పంపకుండా స్టాంప్ ఫోటోనే నాలుగు యాంగిల్స్‌లో పంపుతుంటే వదిలేయండి.